1983 నాటి ల్యాప్‌టాప్‌కి సెల్లు కిరాణా కొట్లో దొరుకుతాయి, పదేళ్ళ నాటి దానికి బ్యాటరీ దొరకదు. ఎందుకిలా?

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

ఇప్పుడు మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటోంది. కరోనా టైములో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది ఒకరింట్లో, ఉద్యోగం వచ్చిన కొడుకు కొత్తది కొనుక్కుని ఇంటి దగ్గర వదిలేసింది ఇంకొకరింట్లో. తెర బాగుంటుంది, మీటలు బాగుంటాయి, బ్యాటరీ ఒక్కటే చచ్చిపోయి ఉంటుంది. ఛార్జర్ తగిలిస్తేనే నడుస్తుంది. అమ్మాయి కాలేజీ అప్లికేషన్ నింపుతుంటే కరెంటు పోతుంది, నింపినదంతా గాలికి పోతుంది. సరే, బ్యాటరీ మారుద్దామని మండల కేంద్రానికి వెళితే లేదంటారు. జిల్లా కేంద్రానికి వెళితే "ఆ మోడల్ ఆగిపోయిందండీ" అంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకే బొమ్మకి పది రేట్లు కనపడతాయి, ఏది అసలో ఏది నకిలీయో తెలీదు.

అదే ట్రాక్టరు బ్యాటరీ అనుకోండి. పదిహేనేళ్ళ పాత ట్రాక్టరైనా సరే, షాపుకెళ్ళి ఎన్ని ఆంపులు, ప్లస్సు ఎటువైపు అని రెండు ముక్కలు చెబితే చాలు. ఏదో ఒక కంపెనీది ఉంటుంది. పాతది ఇచ్చేస్తే రేటు తగ్గిస్తారు కూడా. అరగంటలో బిగించుకుని ఇంటికొస్తాం.

రెండూ బ్యాటరీలే. ఒకటి ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ఇంకొకటి ఎక్కడా దొరకదు. ఈ తేడా దానంతటది రాలేదు. దీని వెనక నలభై ఏళ్ళ కథ ఉంది. ఆ కథ తెలిస్తే పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఎలా వెతకాలో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, రేపు మన పొలాల్లోకి వచ్చే బ్యాటరీ మిషన్లు కొనేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు మన సీసం బ్యాటరీ సంగతి

ట్రాక్టర్లో ఉండే సీసం, యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే అనే ఆయన తయారుచేశాడు. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే. అప్పట్లో కార్లకి స్టార్టింగు అంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పడమే. పాత ఆయిలింజన్లు తిప్పినవాళ్ళకి ఆ కష్టం తెలుసు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ చేసిన కరెంటు స్టార్టరు పెట్టారు. అక్కణ్ణుంచి ప్రతి బండికీ బ్యాటరీ తప్పనిసరి అయింది. బళ్ళు లక్షల్లో పెరిగేసరికి బ్యాటరీ డబ్బా కొలతలు, వోల్టులు, ధ్రువాలు ఎటుండాలి అన్నవన్నీ ప్రమాణాలుగా ఖాయమయ్యాయి. బండి ఒకరిది, బ్యాటరీ ఇంకొకరిది అయినా సరిపోతుంది.

టార్చిలైటు సెల్లు కూడా అంతే. మనం పెన్సిల్ సెల్లు అంటామే, దాని కొలత అమెరికాలో 1947లో ప్రమాణంగా ఖాయమైంది. లావు 14.5 మిల్లీమీటర్లు, పొడవు 50.5 మిల్లీమీటర్లు. గడియారంలో పెట్టినా, టీవీ రిమోట్‌లో పెట్టినా, ఏ దేశంలో కొన్నా అదే కొలత.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

పెన్సిల్ సెల్లతో నడిచిన ల్యాప్‌టాప్

1981లో ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. ఎక్కడికైనా మోసుకెళ్ళొచ్చు అని అమ్మారు. బరువు 11 కిలోలు! దాంట్లో బ్యాటరీ లేదు. మోసుకెళ్ళి అక్కడ గోడకున్న ప్లగ్గులో పెట్టాల్సిందే.

రెండేళ్ళకి, 1983లో, అమెరికాలో రేడియో షాక్ దుకాణాల్లో టీఆర్ఎస్-80 మోడల్ 100 అనేది అమ్మకానికి పెట్టారు. జపానులో క్యోసెరా కంపెనీ తయారుచేసింది. దాని లోపలి ప్రోగ్రాముల్లో మైక్రోసాఫ్ట్ బిల్ గేట్స్ చేయి కూడా ఉంది. ఒళ్ళో పెట్టుకుని టైపు చేసుకునేంత చిన్నది. అది దేంతో నడిచేదనుకున్నారు? నాలుగు పెన్సిల్ సెల్లతో! ఆ నాలుగు సెల్లతో సుమారు 20 గంటలు నడిచేది. ఊళ్ళు తిరిగి వార్తలు రాసే విలేకరులు దాన్ని బాగా వాడారు. సెల్లు అయిపోతే దారిలో ఏ కొట్లోనైనా కొనుక్కుని వేసుకునేవాళ్ళు.

ఆ మిషను ఎవరి దగ్గరన్నా ఇంకా పనిచేస్తుంటే, దానికి ఈ రోజు మన ఊరి కిరాణా కొట్లో సెల్లు కొని వేయొచ్చు. నలభై ఏళ్ళ పైబడిన మిషనుకి సెల్లు దొరుకుతున్నాయి, పదేళ్ళ మిషనుకి దొరకట్లేదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 1989లో ఆపిల్ కంపెనీ మాకింతోష్ పోర్టబుల్ అని తెచ్చింది. దాంట్లో పెట్టింది సీసం బ్యాటరీ. మన ట్రాక్టరు బ్యాటరీకి తమ్ముడన్నమాట. మొత్తం మిషను బరువు 7 కిలోల పైన. దాని తయారీలో ఒక విచిత్రం ఉంది. కరెంటు బ్యాటరీ గుండానే మిషనుకి వెళ్ళాలి. కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఛార్జర్ పెట్టినా మిషను లేవదు. బ్యాటరీ పోతే మిషనే పోయినట్టు అనే ఇబ్బంది అప్పుడే మొదలైంది.

"పూర్తిగా దించాకే ఛార్జి పెట్టు" అనే మాట ఎక్కడిది?

తర్వాత కొన్నాళ్ళు ల్యాప్‌టాప్‌లలో నికెల్, కాడ్మియం బ్యాటరీలు నడిచాయి. 1899లో స్వీడన్ దేశస్థుడు వాల్డెమార్ యుంగ్నర్ కనిపెట్టిన రకం అది. గట్టిదే, కానీ రెండు ఇబ్బందులు. కాడ్మియం విషం. రెండోది, సగం వాడి మళ్ళీ ఛార్జి పెడుతుంటే దాని సత్తువ తగ్గినట్టు కనపడేది. అందుకే పూర్తిగా దించి ఛార్జి పెట్టమనేవాళ్ళు. ఆ మాట ఇప్పటికీ మన పిల్లలకి చెబుతూనే ఉన్నాం. కానీ ఇప్పటి లిథియం బ్యాటరీకి అది పనికిరాదు సరికదా, చెరుపు చేస్తుంది. దీనికి సున్నాకి దించడం మంచిది కాదు. రోజుల తరబడి నూటికి నూరు ఛార్జిలో ఎండ వేడికి ఉంచడమూ మంచిది కాదు. రేకుల షెడ్డులో ఛార్జర్ తగిలించి వదిలేసిన బ్యాటరీ తొందరగా పోయేది అందుకే.

లిథియం ఎలా వచ్చింది

1970లలో పెట్రోలు సంక్షోభం వచ్చినప్పుడు చమురు కంపెనీలే వేరే దారులు వెతికాయి. ఎక్సాన్ అనే చమురు కంపెనీలో పనిచేస్తూ స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం బ్యాటరీకి మొదటి రూపం ఇచ్చాడు. లిథియం అన్ని లోహాల్లోకీ తేలికైనది. బరువు తక్కువ, బలం ఎక్కువ. కానీ శుద్ధ లిథియం లోహం పెడితే, ఛార్జి పెట్టిన కొద్దీ లోపల పిలకల్లా పెరిగి, అవతలి పలకకి తగిలి షార్టయ్యేది. నిప్పంటుకునేది.

1980లో ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్ వాడి దాని వోల్టేజిని దాదాపు రెట్టింపు చేసింది. 1985లో జపానులో అకీరా యోషినో శుద్ధ లిథియం లోహాన్ని తీసేసి, దాని బదులు పెట్రోలియం కోక్ అనే ఒక రకం బొగ్గు పెట్టాడు. దాంతో బ్యాటరీ చేతిలో పెట్టుకోగలిగినంత భద్రంగా తయారైంది. 1991లో సోనీ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. ముందు వీడియో కెమెరాలకి, తర్వాత ల్యాప్‌టాప్‌లకి. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్ వయసు 97. అంత పెద్ద వయసులో నోబెల్ అందుకున్నవాళ్ళు అంతకుముందు లేరు.

ఎంత తేడా వచ్చిందో మన లెక్కలో చూద్దాం. మందు కొట్టే బ్యాటరీ ట్యాంకులో 12 వోల్టులు, 8 ఆంపుల సీసం బ్యాటరీ ఉంటుంది. 12ని 8తో హెచ్చిస్తే 96. దీన్ని వాట్ అవర్ అంటారు. బ్యాటరీలో ఎంత సరుకుందో చెప్పే లెక్క ఇదే, బస్తాలో ఎన్ని కిలోలున్నాయో చెప్పినట్టు. ఆ సీసం బ్యాటరీ బరువు రెండు కిలోల పైనే. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలో 48 వాట్ అవర్లు ఉంటాయి, అంటే దాంట్లో సగం. బరువు చూస్తే పావు కిలో, మూడొందల గ్రాములు!

హెడ్ లైటులో ఉన్న సెల్లే ల్యాప్‌టాప్‌లోనూ

1990లు, 2000లలో వచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ డబ్బా పగలగొడితే లోపల టార్చి సెల్లలాంటివే ఆరో, ఎనిమిదో కనపడతాయి. దాని పేరు 18650. లావు 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు, పేరులోనే కొలత ఉంది. రాత్రిళ్ళు మోటారు వేయడానికి పొలం వెళ్ళేటప్పుడు తలకి పెట్టుకునే ఛార్జింగు లైట్లలో చాలావాటిలో ఉండేది ఇదే సెల్లు. 2008లో వచ్చిన టెస్లా మొదటి కారు రోడ్‌స్టర్‌లో ఇవే సెల్లు 6,831 బిగించారు. ల్యాప్‌టాప్ సెల్లు కారుని నడిపిందన్నమాట.

అంటే లోపలి సెల్లుకి ఒక కొలత ఉంది. మరి పైన డబ్బాకి ఎందుకు లేదు?

దానికీ ప్రయత్నం జరిగింది. 1990లలో డ్యూరాసెల్ కంపెనీ ల్యాప్‌టాప్‌లకి ఒకే కొలత డబ్బాలు కొన్ని రకాలు తయారుచేసింది. డీఆర్ 35, డీఆర్ 36 అని వాటి పేర్లు. వేర్వేరు కంపెనీల ల్యాప్‌టాప్‌లలో అవే పెట్టుకోవచ్చు. 1995లో డ్యూరాసెల్, ఇంటెల్ కలిసి స్మార్ట్ బ్యాటరీ అనే ప్రమాణాన్ని కూడా రాసి బయటపెట్టాయి. బ్యాటరీలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఎంత ఛార్జి ఉంది, ఎంత వేడెక్కింది, ఎన్నిసార్లు ఛార్జి అయింది అన్నది అది లెక్క రాసి మిషనుకి చెబుతుంది. అందరికీ ఒకటే భాష.

డబ్బా ఒకటే, భాష ఒకటే. అది నిలబడి ఉంటే ఈ రోజు ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా ట్రాక్టరు బ్యాటరీలాగే ప్రతి మండల కేంద్రంలో దొరికేది. కానీ నిలబడలేదు. చిప్పు భాష మిగిలింది, డబ్బా కొలత పోయింది. నాది పలచన అంటే నాది పలచన అని కంపెనీలు పోటీ పడ్డాయి. ప్రతి మోడల్‌కీ వేరే వంపు, వేరే పిన్ను, వేరే గొళ్ళెం. పైగా మారు బ్యాటరీ తన దగ్గరే కొనాలంటే కంపెనీకి చేదా?

గొళ్ళెం పోయి జిగురు వచ్చింది

2006లో పెద్ద గొడవ జరిగింది. సోనీ తయారుచేసిన కొన్ని సెల్లలో కంటికి కనపడనంత లోహపు నలుసులు పడ్డాయి. అవి లోపల షార్టు చేసి మంటలు రేపే ప్రమాదం ఉందని ఆగస్టులో డెల్ కంపెనీ 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచింది. ఆపిల్ 18 లక్షలు పిలిచింది. మిగతా కంపెనీలూ కలిపి ప్రపంచం మొత్తం మీద సుమారు 96 లక్షల బ్యాటరీలు. వడ్లల్లో రాయి పడితే పన్ను విరుగుతుంది, ఇక్కడ ఇల్లే కాలుతుంది. నాసిరకం బ్యాటరీ అంటే భయం ఊరికే రాలేదు, కారణం ఉంది.

2008లో ఆపిల్ మాక్‌బుక్ ఎయిర్ వచ్చింది. దాని బ్యాటరీ బయటికి తీయడానికి గొళ్ళెం లేదు, లోపలే ఉంటుంది. 2009లో 17 అంగుళాల మాక్‌బుక్ ప్రోకి కూడా అలాగే చేసి, మామూలు బ్యాటరీ మూడొందల ఛార్జీలకి అలిసిపోతే ఇది వెయ్యి ఛార్జీల దాకా వస్తుందని చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. డబ్బా గోడలు, గొళ్ళేలు తీసేస్తే ఆ చోట్లో ఇంకొంచెం బ్యాటరీ పడుతుంది. గుండ్రటి సెల్లు బదులు పలచని సంచిలాంటి సెల్లు పెట్టొచ్చు. 2012కి వచ్చేసరికి ఒక మోడల్‌లో బ్యాటరీని జిగురుతో అంటించేశారు. మిగతా కంపెనీలు కూడా మెల్లగా బ్యాటరీని లోపలికి తీసుకెళ్ళాయి. చాలావాటిలో జిగురు లేదు, స్క్రూలే. అది మన అదృష్టం.

ఇంకో తాళం కూడా పడింది. ఇందాక చెప్పిన చిప్పు ఉందే, అదే కాపలాదారు అయింది. కొన్ని ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ పెట్టగానే "నువ్వు మా కంపెనీదానివేనా" అని చిప్పుని అడుగుతాయి. కాకపోతే ఛార్జి ఎక్కనివ్వవు. మంటల భయంతో మొదలైన జాగ్రత్త, వేరేవాళ్ళ సరుకు పెట్టనివ్వని కంచెగా కూడా మారింది.

2016 ఏప్రిల్ 1 నుంచి ఇంకొక నియమం వచ్చింది. విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది. సరుకు విమానాల్లో వేయాలన్నా ఛార్జి 30 శాతం మించకూడదు. ఇంకో దేశం నుంచి బ్యాటరీ తెప్పించుకోవడం కష్టమయ్యేది అందుకే. కొత్త బ్యాటరీ తక్కువ ఛార్జితో వస్తే పాడైందని కంగారు పడొద్దు. అలా పంపడమే పద్ధతి.

మరి ఇప్పుడు మారు బ్యాటరీ ఎలా వెతకాలి?

చరిత్ర చదివాం కాబట్టి ఈ లెక్కలు ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతాయి.

1. ముందు బ్యాటరీ నిజంగా పోయిందో లేదో చూడండి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే నల్ల తెర కమాండ్ పెట్టె తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొట్టమని పిల్లలకి చెప్పండి. ఒక రిపోర్టు వస్తుంది. దాంట్లో కొత్తప్పుడు ఎంత సామర్థ్యం, ఇప్పుడు నిండా ఎక్కిస్తే ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి తక్కువుంటే మార్చే టైము వచ్చినట్టే. బాగానే ఉంటే తప్పు ఛార్జరుదో, వైరుదో కావచ్చు.

2. ల్యాప్‌టాప్ పేరు చెప్పి బ్యాటరీ కొనొద్దు. ఒకే పేరున్న మోడల్‌కి రెండు మూడు రకాల బ్యాటరీలు వేసి అమ్ముతారు. పాత బ్యాటరీ మీద ఉన్న పార్టు నంబరు ఫోటో తీసుకుని, ఆ నంబరుతోనే అడగండి. విత్తనాల ప్యాకెట్ మీద రకం పేరు చూసి కొంటాం కదా, కంపెనీ పేరు ఒక్కటీ చూసి కొనం కదా, ఇదీ అంతే.

3. వోల్టులు చూడండి. 10.8 అన్నా 11.1 అన్నా ఒకటే, మూడు సెల్లు వరసగా ఉన్నవి. 14.4 అన్నా 14.8 అన్నా ఒకటే, నాలుగు సెల్లు వరసగా. కానీ 11.1 దాంట్లో 14.8 పెట్టకూడదు, కనెక్టర్ పట్టినా సరే.

4. వాట్ అవర్ లెక్క మీరే కట్టండి. 11.1 వోల్టులు, 4400 ఎంఏహెచ్ అంటే 4.4 ఆంప్ అవర్లు. హెచ్చిస్తే 48.8 వాట్ అవర్లు. డబ్బా మీద రాసింది దీంతో కుదరాలి. ఇంకో సంగతి, 18650 సెల్లు ఒక్కొక్కటి ఎంత మంచిదైనా 3500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే ఆగుతుంది. ఆరు సెల్ల బ్యాటరీలో జోడీకి 7000. దానికి 9000 అని రాసి అమ్మితే అది అబద్ధం. హెడ్ లైటు సెల్లు మీద 9800 అని రాసి ఉంటుంది చూడండి, అదీ అంతే.

5. తయారైన తేదీ చూడండి. లిథియం బ్యాటరీ వాడకపోయినా, సీలు తీయకపోయినా లోపల ముసలిదవుతూనే ఉంటుంది. అయిదేళ్ళ కిందట తయారైన "కొత్త" బ్యాటరీకి అసలు రేటు పెట్టడం దండగ. ఆగిపోయిన మోడల్‌కి దొరికే కంపెనీ సరుకులో ఈ బాధ ఎక్కువ. అలాంటప్పుడు ఈమధ్య తయారైన, పేరున్న వేరే కంపెనీ సరుకే మేలు కావచ్చు.

6. బీఐఎస్ గుర్తు చూడండి. మన దేశంలో ఈ రకం బ్యాటరీలకి ఐఎస్ 16046 ప్రమాణం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు దగ్గర ఇంగ్లీషు ఆర్ అక్షరం, దాని పక్కన నంబరు ఉంటాయి. ఆ గుర్తు లేనిదీ, బిల్లు ఇవ్వనిదీ వదిలేయండి.

7. పాత డబ్బాలోనే సెల్లు మార్చి ఇస్తామనే మెకానిక్కులు ఉంటారు. బాగా చేసేవాళ్ళు లేకపోలేదు. కానీ కొన్ని బ్యాటరీల చిప్పు, సెల్లు విడదీయగానే శాశ్వతంగా తాళం వేసుకుంటుంది. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేస్తే ఇంకా ప్రమాదం. ఒక ఎద్దు బలమైనది, ఒకటి నీరసమైనది కట్టిన బండిలాగా అవుతుంది. ఇంట్లో మాత్రం ఎవరూ ఆ డబ్బా పగలగొట్టొద్దు.

8. బ్యాటరీ ఉబ్బితే, మీటల కింద ఎత్తుగా వస్తే, వెంటనే ఆపేసి ఛార్జర్ తీసేయండి. గుచ్చడం, నొక్కడం చేయొద్దు. చెత్తలో వేసి తగలబెట్టడం అసలొద్దు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద ఉంది. అంతకుముందు 2001 నాటి నిబంధనలు సీసం బ్యాటరీల గురించే చెప్పేవి, ఇప్పుడు లిథియం కూడా చేరింది.

9. ఎక్కడా దొరక్కపోతే? గొళ్ళెం ఉన్న పాత రకం అయితే చచ్చిన బ్యాటరీ తీసి పక్కన పెట్టి, ఛార్జర్ మీద నేరుగా నడుపుకోవచ్చు, చాలా మిషన్లు ఒప్పుకుంటాయి. ఛార్జర్‌ని ఇంట్లో ఇన్వర్టర్ లైనుకి పెట్టండి. పిల్లల చదువుకి, ఈ-మెయిలుకి అది చాలు.

ఇది ల్యాప్‌టాప్‌తో ఆగే కథ కాదు

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. సీసం బ్యాటరీ ఉన్న స్ప్రేయరుకి 12 వోల్టుల బ్యాటరీ ఏ షాపులోనైనా దొరుకుతుంది. లిథియం ప్యాక్‌తో వచ్చేవాటిలో ప్యాక్ ఆకారం, పిన్ను ఒక్కో కంపెనీది ఒక్కో రకం. డ్రోను సంగతి ఇంకా చెప్పక్కర్లేదు. మహిళా సంఘాలకి 15,000 డ్రోన్లు ఇవ్వాలని 2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం తెచ్చింది. డ్రోనుకి ప్రాణం బ్యాటరీయే, అది తరచుగా మార్చాల్సిన వస్తువు. అయిదేళ్ళ తర్వాత ఆ మోడల్ ఆగిపోతే ఆ సంఘం ఎక్కడికి వెళ్ళాలి? ల్యాప్‌టాప్ పక్కన పడితే ఇబ్బంది, మందు కొట్టే టైములో డ్రోను పక్కన పడితే పంట నష్టం.

మన దగ్గర సరుకు తయారీ కూడా మొదలవుతోంది. తిరుపతిలో 2022లో మునోత్ కంపెనీ లిథియం సెల్లు తయారుచేసే ఫ్యాక్టరీ తెరిచింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెద్ద ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేశారు. సంతోషమే. కానీ సెల్లు మన ఊళ్ళో తయారైనా, పైన డబ్బాకి కొలత లేకపోతే, చిప్పుకి తాళం ఉంటే, మనకి దొరికేది ఏముంది?

యూరప్ వాళ్ళు దీనికి చట్టం చేశారు. 2023లో వచ్చిన వాళ్ళ బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని, కొన్ని మినహాయింపులు పోను, కొన్నవాడే సులువుగా తీసి మార్చుకునేలా ఉండాలి. ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా 5 ఏళ్ళు మారు బ్యాటరీ దొరకాలి. సరిపోయే వేరే బ్యాటరీ పెడితే సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకోకూడదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం రైతులు తమ ట్రాక్టర్లు, హార్వెస్టర్లు తామే బాగుచేసుకునే హక్కు కోసం కొట్లాడి 2023లో చట్టం తెచ్చుకున్నారు. 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది.

మన దేశంలో కూడా 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. నాలుగు రంగాలు ఎంచుకుంది. వాటిలో వ్యవసాయ పనిముట్లు ఒకటి. మిగతావి మొబైళ్ళు, ఇంటి సామాను, వాహనాలు. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్ అంటే సమాచారం ఒకచోట పెట్టడం, చట్టం కాదు. అయినా వ్యవసాయ పనిముట్ల పేరు ఆ జాబితాలో ఉందని మనకి తెలిసి ఉండాలి. రైతు సంఘాల్లో, ఎఫ్‌పీవో మీటింగుల్లో, వచ్చిన అధికారుల ముందు ఈ మాట ఎత్తాలి.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే, కొనేముందు అడగడం. ల్యాప్‌టాప్ అయినా, స్ప్రేయరైనా, డ్రోనైనా, రేపు కరెంటు ట్రాక్టరైనా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. బ్యాటరీ నేను తీసి మార్చుకోగలనా? వేరే కంపెనీది పెడితే పనిచేస్తుందా? మారు బ్యాటరీ ఇప్పుడు రేటెంత? ఎన్నేళ్ళ దాకా దొరుకుతుందని బిల్లు మీద రాసిస్తారా?

అందరం ఒకే ప్రశ్న అడిగితే డీలరు పైకి చెప్పక తప్పదు. ట్రాక్టరు బ్యాటరీకి కొలత ఎవరూ దానం చేయలేదు, కొనేవాళ్ళకి అవసరమైంది కాబట్టి వచ్చింది. బేరం ఆడటం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. మిషను రేటుతో పాటు బ్యాటరీ సంగతి కూడా బేరంలో పెట్టండి.